తెయో బావ రుమాలు

మా శాంతా రుఫీనా రాంచ్‌లో, అంటే దొరగారి పశువుల బీళ్లలో, పదకొండు మంది రౌతులం ఉండేవాళ్లం. ముక్కు అందరికీ ఉంది. ముక్కుతో పని చేసినవాడు మాత్రం తెయో బావ ఒక్కడే. ముళ్లపొదల్లో ఎక్కడో, కంటికి ఆనని చోట, ఒక ఆవు పుండులో పురుగు పడితే చాలు, గాలి ఇటు తిరగ్గానే గుర్రాన్ని ఆపి తల పైకెత్తేవాడు.

"అదిగో, ఆ నాగజెముడు దిబ్బ ఎనక. ఎర్రావు అయ్యుంటది."

"రంగుక్కూడా వాసనుంటదా బావా?" అని ఏడిపించేవాణ్ని.

"ఉండదురా. ఎర్రావు మొన్న ముళ్లతీగ కింద దూరింది. నువ్వూ నా పక్కనే ఉన్నావు. నేను ఆవును చూశా, నువ్వు రొట్టెల మూట చూసుకున్నావు."

వెళ్లి చూస్తే ఎర్రావే ఉండేది.

నా పేరు నికనోర్. తెయో మా అక్క ఓతీలా మొగుడు, నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. అసలు పేరు ఎలెయుతేరియో. అంత పొడుగు పేరుతో చర్చి ఫాదర్ తప్ప ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఆయన మంచితనం గురించి చెప్పేవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. ఆయనకు నేను చేసిన పని గురించి చెప్పడానికి నేనొక్కణ్నే మిగిలాను. ఎనభై దాటాక ఇంక దాచుకుని ఏం చేసుకుంటాను?

పుండు ఈగ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మామూలు ఈగకు రెండింతలుంటుంది, నీలంగా మెరుస్తుంది, కళ్లు ఎర్రన. చచ్చిన మాంసం దానికి అక్కర్లేదు, బతికున్న ఒంటి మీద పచ్చి నెత్తురు కావాలి. ముల్లు గీరిన గీత చాలు, పిడుదు కుట్టిన చుక్క చాలు, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు చాలు. గుడ్లు పెట్టి పోతుంది. మర్నాటికల్లా పురుగులై మాంసంలోకి తొలుచుకుంటూ దిగుతాయి. ఆ వాసనకు ఇంకో పది ఈగలు వస్తాయి. ఎవరూ చూడకపోతే పది రోజుల్లో నిండు ఎద్దు కూలిపోతుంది. అందుకే వాతలు వేయడం, కోడెలకు విత్తులు తీయడం అన్నీ చలికాలంలోనే పెట్టుకునేవాళ్లం. ముళ్లకు మాత్రం కాలం లేదు కదా. వసంతం నుంచి మొదటి మంచు పడేదాకా ప్రతి పశువునూ ఎవరో ఒకరు కళ్లారా చూడాల్సిందే. పదకొండు మందిమి ఉన్నది అందుకే. నీళ్ల పంపు దగ్గర వరసగా ఉన్న మా పదకొండు ఇళ్లూ దొరవి. పని ఉన్నన్నాళ్లే ఇల్లు.

పురుగు పట్టిన పశువును పట్టడం ఒక ఎత్తు, బాగుచేయడం ఒక ఎత్తు. అది మందలో ఉండదు. సిగ్గుపడ్డట్టు దట్టమైన పొదలోకి పోయి నిలబడుతుంది. ఉచ్చుతాడు వేసి లాగి, పడేసి, కాళ్లు కట్టి, పుండులో క్లోరోఫాం పోసి దూది కుక్కాలి. పురుగుల కదలిక ఆగాక పుల్లతో ఒక్కొక్కటీ ఏరాలి. ఒక్కటి మిగిలినా చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. చివర్న ఈగ మళ్లీ వాలకుండా పుండు చుట్టూ నల్లటి పూతమందు పూయాలి. నేనైతే ముఖం పక్కకు తిప్పుకుని ఏరేవాణ్ని. బావ పుండు మీదికి వంగి, ఆవుతో ఏదో మెల్లగా మాట్లాడుతూ ఏరేవాడు. సాయంత్రం ఇంటికొస్తే మా అక్క వాకిట్లోనే ఆపేసేది. "ఆగక్కడ ముసలోడా! ముందు పంపు కాడికి పో. మోచేతుల దాకా సబ్బేసి తోముకో. ఆ చేతుల్తో నా పిండి ముట్టుకున్నావంటే చూడు." ఆయనకప్పుడు ముప్పై ఏళ్లు కూడా లేవు. అయినా పెళ్లైన మర్నాటి నుంచి ముసలోడే.

పొద మరీ దట్టమై ఆవు చేతికి దొరక్కపోతే, వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి ఒకటుండేది. ఆ ఆవు అడుగు పడిన చోట డెక్క గుర్తు చుట్టూ కత్తితో కోసి, మట్టిపెళ్ల విరక్కుండా ఎత్తి, తలకిందులు చేసి అక్కడే పెట్టాలి. పెట్టేముందు ఆ పశువు రంగు చెప్పి, గాయం ఎలా తగిలిందో మట్టికి నిజం చెప్పాలి. ముళ్లతీగ గీరితే ముళ్లతీగ అనాలి. మన తాడే ఒరుసుకుని పుండు పడితే నా తాడే అనాలి. ఆ తర్వాత చిన్న ప్రార్థన చేసి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. అబద్ధం చెబితే పురుగు రాలదట. కొన్నిసార్లు రాలేది, కొన్నిసార్లు రాలేది కాదు. రాలనప్పుడల్లా మాలో చేమా అనేవాడు, "ఎవడో అబద్ధం చెప్పాడ్రోయ్" అని పకపకా నవ్వేవాడు. నేను అదంతా నమ్మనని చెప్పుకు తిరిగేవాణ్ని. నమ్మకపోయినా, బావ నేల మీద మోకరించి "నా తాడే" అని మట్టితో చెప్పుకుంటుంటే ఎందుకో టోపీ తీసేవాణ్ని.

ఆయన ఆ ఈగను పగబట్టడానికి కారణం ఉంది. వాళ్ల నాన్న అన్సెల్మోకు ఎండల్లో ముక్కు నుంచి నెత్తురు కారేది. పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం తుమ్మచెట్టు నీడన అరగంట కునుకు తీశాడు. ఆ అరగంట చాలింది. మూడో రోజుకు ముఖం వాచిపోయింది. సబ్జా ఆకు రసం ముక్కులో పిండారు, పశువుల క్లోరోఫామే గుడ్డ మీద పోసి వాసన చూపించారు. డాక్టరు నలభై మైళ్ల అవతల ఉన్నాడు. అప్పటికి వాగు పొంగి ఉంది. ఏడో రోజున పోయాడు. ఆ వారమంతా తండ్రి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది తెయోనే. పదిహేడేళ్ల వయసు. "ఆ వాసన అప్పుడు నా ముక్కులో కూర్చుంది నికా, మళ్లీ లెగలేదు" అని ఒకే ఒక్కసారి నాతో అన్నాడు. ఆ ముక్కు ఎక్కడిదో నాకు తెలిసింది అప్పుడే. నేను మళ్లీ దాని మీద హాస్యమాడలేదంటే అబద్ధం, ఆడాను. కానీ తగ్గించాను.

అప్పటినుంచి మధ్యాహ్నం నడుం వాల్చేటప్పుడు ముఖం మీద రుమాలు లేకుండా పడుకున్నది ఎవరూ చూడలేదు. నీలం రంగు రుమాలు. పై అంచు టోపీలోకి దోపి, ఎడమ మూల మడిచి చెవి వెనక్కి పెట్టి, గడ్డం దాకా లాక్కునేవాడు. "పెళ్లికూతురు పడుకుందిరోయ్, చప్పుడు చెయ్యకండి" అని చేమా అంటే అందరం నవ్వేవాళ్లం. బావ రుమాలు కిందనుంచే అనేవాడు, "నవ్వండి నవ్వండి. నవ్వి మీరూ ముసుగులెయ్యండి." వేసేదాకా ఊరుకునేవాడు కాదు. నిద్రపోయినవాడి ముఖం మీద తనే వేసేవాడు.

అరవై రెండులో విమానాలొచ్చాయి. బీడు మీదుగా కిందుగా ఎగురుతూ అట్టపెట్టెలు జారవిడిచేవి. పెట్టె గాల్లోనే తెరుచుకునేది, లోపల వందల ఈగలు. అదే ఈగ! హాస్కిన్ దొర మమ్మల్నందరినీ దొడ్డి దగ్గరికి పిలిచి చెప్పాడు. అవి ఫ్యాక్టరీలో పెంచిన ఈగలట. వాటికి సంతానం కలగకుండా చేశారట. ఆడ ఈగ బతుకులో ఒక్కసారే జతకడుతుంది. ఆ ఒక్కసారీ ఈ గొడ్డు మగ ఈగతో కడితే గుడ్లు పెడుతుంది గానీ పిల్ల రాదు. అలా తరం తర్వాత తరం తగ్గిపోయి, చివరికి అసలు ఈగే ఉండదు.

"ముల్లును ముల్లుతో తీస్తారన్నమాట" అన్నారెవరో.

"పెళ్లి భోజనాలుంటయి, బారసాల ఉండదు. చేమా మొదటి పెళ్లి లెక్క" అన్నాను నేను. చేమా నా టోపీ లాగి పేడలో పడేశాడు. దొర కూడా నవ్వాడు.

బావ నవ్వలేదు. "దొరగారూ, ఒక్కసారే కడతదని నిక్కచ్చిగా తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నాడు దొర. బావ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు, "ముప్పై మూడేళ్లుగా దాన్ని చంపుతున్నా. దాని కాపురం సంగతి నాకు తెలీలేదు చూడు."

దొర ఇంకో పని చెప్పాడు. పురుగు కనబడిన ప్రతిసారీ పది పురుగులు స్పిరిటు పోసిన చిన్న గాజుసీసాలో వేసి, చీటీ రాసి పోస్టులో పంపాలి. ఏ పశువు, ఏ రంగు, వయసెంత, గాయం ఎక్కడ, ఏ బీడు. దాన్ని బట్టి అక్కడ ఎక్కువ పెట్టెలు వేస్తారు. మూత తెరుచుకోకుండా నేలమీద పడిన పెట్టెలు కనబడితే తెరిచి నీడలో పెట్టాలి. బావకు చదువు రాదు. పురుగులు ఆయన ఏరితే చీటీ నేను రాసేవాణ్ని.

ఏడాది తిరిగేసరికి తేడా తెలిసిపోయింది. రోజుకు పది సీసాలు పంపినవాళ్లం వారానికి రెండు పంపుతున్నాం. దూడల బొడ్లు శుభ్రంగా ఎండిపోయి రాలుతున్నాయి. అందరూ సంతోషించాల్సిన సంగతి. నాకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. పురుగు లేకపోతే రోజూ ప్రతి పశువునూ చూడక్కర్లేదు. చూడక్కర్లేకపోతే పదకొండు మంది ఎందుకు? నదికవతల ఒక రాంచ్‌లో అప్పుడే ఐదుగురికి సెలవిచ్చారని విన్నాం. నాకు నలుగురు పిల్లలు, మంచం దిగలేని తల్లి. ఆ ఇల్లు పోతే ఎక్కడికి పోవాలి?

ఒకరోజు చీటీ రాస్తూ రాస్తూ కలం ఆపేశాను. "బావా, మనం సీసాలో పెట్టి పంపేది పురుగుల్ని కాదు, మన ఇళ్లని. కూర్చున్న కొమ్మను మనమే నరుక్కుంటున్నాం. ఈ ఒక్కటీ పంపకుండా ఊరుకుందాం. ఎవడికి తెలుస్తది?"

ఆయన సీసా వెలుగుకేసి పట్టుకుని పురుగులు లెక్కపెడుతున్నాడు. లెక్క పూర్తిచేశాకే అన్నాడు.

"కొమ్మ కాదురా ఇది. మా నాయన ముక్కు. నువ్వు చీటీ రాయి."

"పిల్లలున్నోణ్ని బావా. నీకేం, మీరిద్దరే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాళ్లకు పిల్లల్లేరు. ఉన్న ఒక్కగానొక్క బిడ్డ పురిట్లోనే పోయింది. బావ సీసాకు బిరడా బిగించాడు. "రాయి నికా. టూలే బీడు. నల్ల పెయ్య. గాయం, చెవి." రాశాను. కోపంతో అక్షరాలు కాగితానికి చిల్లులు పడేట్టు రాశాను.

ఆ వేసవి వానల్లేవు. గడ్డి లేక పశువులకు నాగజెముడు మేపేవాళ్లం. కిరసనాయిలు మంట గొట్టంతో ముళ్లు కాల్చి పెడితే ఆబగా తినేవి. ఆ గొట్టం పట్టుకుని టూలే బీడులో ఒంటరిగా తిరిగే పని నాది. అక్కడ తుమ్మల మధ్య మొదటి పెట్టె కనబడింది. మూత తెరుచుకోలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల రొద వినిపిస్తోంది. తెరిచి నీడలో పెట్టాలని నాకు తెలుసు. మంట చేతిలోనే ఉంది. పెట్టె నేలమీద పెట్టి దాని మీదికి మంట తిప్పాను. కాగితం కాలినట్టు కాలింది, అంతే. పొద్దున్నే లేచి పని చేసుకునే మనిషిని, దొంగను కాను, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ నెలా పై నెలా కలిపి తొమ్మిది పెట్టెలు కాల్చాను.

అక్టోబరుకు రాంచ్ అంతా శుభ్రపడింది, టూలే తప్ప. "ఇక్కడే ఎందుకు పోవట్లేదో అర్థం కావట్లేదు. పెట్టెలు ఇక్కడా పడుతున్నాయి గదా?" అని బావ అడిగేవాడు. "పడుతున్నయి" అనేవాణ్ని. ఆయన మామూలుగానే అడిగేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నాకే ముఖం ఎర్రబడేది.

ఆ నెలలోనే ఒకరోజు ఇద్దరం టూలేలో ఒక పొగరుబోతు కోడెను తరుముతున్నాం. అది తుమ్మతోపులోకి దూరింది, మేమూ దాని వెనకే దూరాం. ఒక కొమ్మ విరిగి నా ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా చీల్చేసింది. అదే తోపులో ఇంకో కొమ్మ బావ ముఖం మీద కొట్టి ముక్కు అదిరింది, నెత్తురు కారింది. ఆయన దాన్ని చొక్కా చేతితో తుడుచుకుని, నన్ను గుర్రం దింపి, పశువుల పూతమందే పూసి, తన నీలం రుమాలు తీసి నా చేతికి బిగించి కట్టాడు.

"నీ ముక్కు సంగతేంది బావా?"

"గీసుకుందంతే. నీది తెరుచుకున్న పుండు. ఈ బీడులో ఇంకా ఈగుంది, ఏ మాత్రం సందు ఉండకూడదు."

"నా దగ్గర రుమాలుంది. అది కట్టు."

"చెమట కంపు కొడతంది. ఉంచుకో."

మధ్యాహ్నం రొట్టెలు తిని నీడన నడుం వాల్చాం. నెత్తురు పోయి నీరసంగా ఉన్న నేను ముందే నిద్రపోయాను. లేచేసరికి నా ముఖం మీద నా చెమట కంపు రుమాలుంది, ఆయనే వేసి ఉంటాడు. బావ పక్కనే టోపీ ముఖం మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. టోపీ పక్కకు జారింది. ముక్కు కింద నెత్తురు ఎండి ఉంది. నేను ఆ ఎండిన నెత్తురు చూశాను. చూసి, "లే బావా, పొద్దుపోతోంది" అన్నాను.

మూడో రోజు పొద్దున్నే ఆయన గుర్రమెక్కుతూ తల పైకెత్తాడు. "ఎక్కడో పశువుకు పురుగు పట్టింది." టూలేకి వెళ్లాం. వాసన ఉందన్నాడు. పొద పొదా తిరిగాం. పశువు లేదు. గాలికి ఎదురు వెళ్లాం, గాలితో పాటు వెళ్లాం. ఎటు వెళ్లినా ఉందంటాడు. నాకేమో ఏమీ రావడం లేదు. మర్నాడు కూడా తిరిగాం. ఆయన కళ్ల కింద వాచింది, ముక్కు చీదుతూనే ఉన్నాడు, దుమ్మన్నాడు. "ఇంత దగ్గరగా వస్తంది, కనపడదేందిరా! నా చెయ్యి చాపితే తగిలేట్టుంది" అని చిన్నపిల్లాడిలా విసుక్కున్నాడు. అంత గొప్ప ముక్కు. రెండు రోజులు బీడంతా వెతికించింది.

సాయంత్రం ఇంటికొస్తే అక్క పంపు దగ్గరే ఆపింది. చేతులు తోముకున్నాడు. ఇంకోసారి తోముకోమంది. తోముకున్నాడు. దగ్గరికొచ్చి, ఆయన గడ్డం పట్టుకుని ముఖం వెలుగుకు తిప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆ ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. బావ ఒక్క మాటే అన్నాడు, "ఓతీలా, వాగులో నీళ్లున్నాయా?"

వాగు ఎండిపోయి ఉంది. దొర తన కారులో పట్టణం తీసుకెళ్లాడు.

మర్నాడు పంపు దగ్గరికి నీళ్లకు వెళ్లాను. బురదలో బావ బూటు గుర్తు అలాగే ఉంది, మడమ ఎడమకు అరిగిన బూటు, ఎవరిదో చెప్పక్కర్లేదు. నేను ఏమీ నమ్మనివాణ్ని. చేతిలో బిందె కింద పెట్టి, కత్తి తీసి, గుర్తు చుట్టూ కోశాను. పెళ్ల విరక్కుండా రెండు చేతులతో ఎత్తాను. ముందు రంగు చెప్పాలి. "గోధుమ రంగు మనిషి" అన్నాను. తర్వాత గాయం ఎలా తగిలిందో చెప్పాలి. తుమ్మకొమ్మ అని నోటిదాకా వచ్చింది. అది అబద్ధం కాదు. కానీ మట్టి అలా బరువుగా చేతుల్లో ఉంటే ఆ మాట బయటకు రాలేదు. "నేను ఈగల పెట్టెలు కాల్చాను. తొమ్మిది. టూలేలో. ఇల్లు పోతుందని" అన్నాను. అని ఏడుస్తూ పెళ్ల తిప్పి పెట్టాను. ప్రార్థన సగమే గుర్తుంది, ఆ సగమే చెప్పాను. వెనక్కి చూడకూడదు గానీ లేచేసరికి అక్క నా వెనకే నిలబడి ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్లే బట్టల మూట చంకలో పెట్టుకుని.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. "పద" అంది. "ఈ మాట మట్టికి కాదు, ఆయనకు చెప్పు."

డాక్టరు ముసలాయన, ఆ జబ్బు ఎరిగినవాడు. మూడు రోజులు మందు పీల్పించి, చిన్న పట్టకారుతో పురుగుల్ని ఒక్కొక్కటీ తీశాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. లోపల చాలా భాగం పోయింది, ఇక ఈయనకు వాసన తెలియదు అన్నాడు. బావ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ముక్కు నిండా దూది. అక్క కిటికీ దగ్గర మాకు వీపు తిప్పి నిలబడింది. నేను చెప్పాను. మట్టికి చెప్పినట్టే, ఒక్క మాట తగ్గకుండా చెప్పాను.

బావ ముక్కులో దూది సర్దుకున్నాడు. తర్వాత గొంతులోంచి అడిగాడు, "మూతపడినవేనా?"

"అవును."

"తెరుచుకున్నవి గూడా కాల్చినవా?"

"లేదు బావా."

"ఊఁ." చెయ్యి దిండు కిందికి పోనిచ్చి ఏదో తడుముకున్నాడు. "మా నాయనను ఎవడూ చంపలేదురా, ఈగ చంపింది. ఆ ఈగ మీద ముప్పై నాలుగేళ్లు కోపం మోశాను. ఇప్పుడు నీ మీద ఇంకోటి మొయ్యాలంటే నాకు ఓపిక లేదు. మీ అక్కకు తమ్ముడంటూ నువ్వొక్కడివే ఉన్నావు." కిటికీ దగ్గర అక్క భుజాలు కదిలాయి. "టూలే ఇంక నీదే. రోజూ పో. ఒక్కరోజు మానినా నాకు తెలుస్తది. ఎట్ల తెలుస్తదని అడగొద్దు."

ఆ తర్వాత దిండు కింద నుంచి గాజుసీసా తీశాడు. నర్సును బతిమాలి తీయించిపెట్టుకున్నాడట, పది పురుగులు, స్పిరిటులో.

"చీటీ రాయి."

"బావా, వద్దు."

"రాయి. రాయకపోతే టూలేలో పెట్టెలు ఎక్కువెట్ల పడతయి?"

రాశాను. పశువు, మనిషి. రంగు, గోధుమ. వయసు, యాభై ఒకటి. గాయం, ముక్కు. బీడు, టూలే. గాయం ఎలా తగిలిందో రాయడానికి ఆ చీటీలో గడి లేదు.

తొమ్మిది పెట్టెలతోనే టూలేలో ఈగ నిలిచిందా అంటే ఎవరూ రుజువు చేయలేరు. విమానాల మనిషి దొరతో అన్నాడట, నదివైపు నుంచి గాలికి కొట్టుకొచ్చి ఉండొచ్చని. అది విన్న రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాటికే ఆ హాయి పోయింది. నేను చేసింది నాకు తెలుసు.

నవంబరులో మంచు పడింది. నేను రోజూ టూలేకి వెళ్లాను, జ్వరం వచ్చిన రోజు కూడా వెళ్లాను. ఆ చలికాలమూ, ఆ తర్వాతి వేసవంతా ఒక్క పురుగు దొరకలేదు. ఆ రోజుల్లో మా రాంచ్ నుంచి వెళ్లిన చివరి సీసా బావదే.

అరవై ఐదులో దొర ఏడుగురికి సెలవిచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని ఇంటింటికీ తనే వచ్చి చెప్పాడు. చేమా వెళ్లిపోయాడు. ముక్కు లేని తెయో కూడా వెళ్లిపోయాడు. నాకు రాయడం వచ్చని, ట్రక్కు నడపగలనని నన్ను ఉంచాడు. ఇల్లు నిలబెట్టుకోవడానికి పెట్టెలు కాల్చినవాడి ఇల్లే నిలిచింది. దీన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

అక్కా బావా పట్టణంలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లు. ఆయన ఒక దాణా కొట్టుకు కాపలా ఉండేవాడు. ఆదివారాలు వెళ్లేవాణ్ని. పొయ్యి మీద కాఫీ మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపర్లో బొమ్మలు చూస్తుండేవాడు. "ముసలోడా, ఇల్లు తగలబడుతున్నా కూర్చుంటావా?" అని అక్క పరుగెత్తుకొచ్చేది. నన్ను చూడగానే బావ, "చెప్పు" అనేవాడు. నేను చెప్పాలి. వాన పడిన మర్నాడు తుమ్మపూలు ఎలా ఉన్నాయో, జీను తోలుకు నూనె పెడితే ఎలా ఉందో, మా ఆవిడ మిరపకాయలు కాలిస్తే పిల్లలు ఎట్లా దగ్గారో. అన్నీ విని చివర్న అడిగేవాడు.

"టూలే?"

"ఏం లేదు బావా. గడ్డి వాసన, అంతే."

"మంచిది" అని కళ్లు మూసుకునేవాడు. అంత తృప్తిగా కళ్లు మూసుకున్న మనిషిని నేను చూడలేదు.

డెబ్బైలో జూన్ నెలలో గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకు దక్షిణం నుంచి ఈగ మళ్లీ వచ్చిపడింది, గుర్రమెక్కి చూసే మనుషుల్లేక రాంచ్‌లు అల్లాడాయి. బావ అది చూడలేదు, నయం.

శవపెట్టెలో పెట్టి ముందుగదిలో ఉంచారు. ఎండకు కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. నేను జేబులోంచి నీలం రుమాలు తీశాను. ఆరోజు నా చేతికి కట్టింది, ఏడేళ్లు నా దగ్గరే ఉంది. మా ఆవిడ ఎన్నిసార్లు ఉతికినా ఒక మూల నా నెత్తురు మరక పోలేదు. ఎన్నోసార్లు తిరిగిద్దామని తెచ్చి, మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాణ్ని. దాన్ని విప్పి ఆయన ముఖం మీద కప్పాను.

అక్క పక్కకొచ్చి నిలబడింది. "ఇప్పుడెందుకురా? ఆ ఈగ లేదుగా."

"లేదక్కా."

"మరి?"

నేను రుమాలు పై అంచు సరిచేశాను. అక్క కాసేపు చూసి, వంగి, ఎడమ మూల మడిచి ఆయన చెవి వెనక్కి పెట్టింది.